డ్రిల్లు టీచరుగారి పొడుగు కారు

నేను ఒక పొడుగు కారును. ముందునుంచి చూస్తే అన్ని కార్లలాగే ఉంటాను. పక్కకు వచ్చి చూసినవాళ్ళు మాత్రం కాసేపు ఆగిపోతారు. వెనక సీటు దగ్గర దిగిపోవలసిన కప్పు దిగకుండా తిన్నగా తోకదాకా సాగి, అక్కడ ఒక పెద్ద తలుపుతో ముగుస్తుంది. ఇలాంటి కార్లంటే దొరల దేశాల్లో మహా మోజట. ఇక్కడ మాత్రం షోరూములో నన్ను చూసిన మొదటి మనిషి "ఇది అంబులెన్సా అండీ?" అని అడిగాడు. రెండో మనిషి అంతకన్నా పెద్ద మాట అన్నాడు, అది నేను చెప్పను. నేను పుట్టిన కార్ఖానాలో నాలాంటివాళ్ళను మూడేళ్ళు తయారుచేసి, కొనేవాళ్ళు లేక మానేశారు. మా వంశం అక్కడితో సరి.

నన్ను మొదట కొన్నది వేదుల నరహరిరావుగారని విశాఖపట్నం ఓడరేవులో ఇంజనీరు. ఆయనకు దూడలంత కుక్కలు రెండు ఉండేవి. "లోకంలో అందరూ పెళ్ళాం కోసం కారు కొంటారు. మా ఆయన కుక్కల కోసం కొన్నారు" అని ఆయన భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆరేళ్ళు ఆ కుక్కలు నా వెనక భాగంలో నిలబడి, బీచిరోడ్డు గాలి పీలుస్తూ, పక్కన పోయే స్కూటర్ల వాళ్ళను హడలగొట్టాయి. తరువాత ఒకే ఏడాదిలో రెండూ పోయాయి. నరహరిరావుగారు నన్ను నడుపుతూ అద్దంలో వెనక్కి చూసేవారు, చూసి రోడ్డు పక్కన ఆపేసేవారు. చివరికి ఒకరోజు "ఈ అద్దంలోకి చూడకుండా కారు నడపలేను, చూస్తూనూ నడపలేను" అని నన్ను అమ్మకానికి పెట్టారు.

అప్పుడు పైడమ్మ వచ్చింది.

మజ్జి పైడమ్మ విజయనగరం అవతల రేగులవలస హైస్కూల్లో డ్రిల్లు టీచరు. అప్పటికి ముప్పై ఆరేళ్ళుంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. వయసులో బరువులెత్తే పోటీలకు వెళ్ళి జిల్లాకు పేరు తెచ్చింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక లేక" అనేది. అది అబద్ధం కాదు. బడి వదిలాక ఆమె చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పేది. మూడు ఊళ్ళకూ కలిపి ఉన్న సరంజామా ఒక్కటే. ఏడడుగుల ఇనపరాడ్డు, దాని కొసలకు తొడిగే గుండ్రటి ఇనపబిళ్ళలు. ఉదయం ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. పిల్లలను ఊరు దాటి పంపడానికి ఇళ్ళలో ఒప్పుకోరు కనుక రాడ్డే ఊరూరా తిరగాలి.

బస్సులో ఎక్కిస్తే కండక్టర్లు గోల పెట్టేవారు. ఒకసారి బస్సు మీద కట్టి, టీ తాగి వద్దామని దిగింది. ఆ టీ చల్లారేలోగా బస్సు కదిలిపోయి, రాడ్డు ఒక్కటే పార్వతీపురం చేరుకుంది. ఆ రోజే పైడమ్మ కారు కొనాలని ఒట్టు పెట్టుకుంది.

నరహరిరావుగారింటికి ఆమె ఒక కొబ్బరితాడు పట్టుకుని వచ్చింది. దానికి రెండు ముళ్ళున్నాయి. ఒక ముడికీ రెండో ముడికీ మధ్య దూరం రాడ్డు పొడుగు. ఆమె ఇంజను చూడలేదు, టైర్లు తన్నలేదు, ఎన్ని మైళ్ళు తిరిగిందని అడగలేదు. వెనక తలుపెత్తి, ఒక ముడిని ముందు సీట్ల మధ్య నుంచి నా డాష్‌బోర్డుకు ఆనించి, తాడు బిగలాగి, రెండో ముడి తలుపుకు లోపలే ఉందని చూసుకుంది. ముఖం విప్పారింది.

"సరిపోనాదండీ. తలుపు కూడా పడతాది. ఇదే నా బండి."

"స్టార్టు చేసి చూడరా అమ్మా?" అన్నారు నరహరిరావుగారు కంగారుగా.

"ఎలాగూ ఇంటికి తోలుకెల్తాను కదండీ. అప్పుడు సూస్తాను."

మనుషులు కార్లను రకరకాల కొలతలతో ఎంచుకుంటారు. కొందరు పక్కింటివాడి కారుతో కొలుస్తారు, కొందరు అల్లుడి కారుతో కొలుస్తారు. తాడుతో కొలిచిన మనిషిని నేను ఈమె ఒక్కదాన్నే చూశాను.

అలా మొదలై పద్నాలుగేళ్ళు. కుక్కలు నిలబడిన చోట ఇప్పుడు గోనెసంచి చుట్టిన రాడ్డు, దాని పక్కన ఇనపబిళ్ళల దొంతర, ఆ పైన పిల్లలు. అయిదుగురు కూర్చోవలసిన చోట ఎనిమిదిమంది కూర్చునేవారు. చేతులకు రాసుకునే తెల్లపొడి నా సీట్ల కుట్లలోకి దూరి, దుప్పటి దులిపినట్టు ఎప్పుడు తట్టినా లేచేది. ఉడకబెట్టిన గుడ్ల వాసన ఎన్ని వానాకాలాలు కడిగినా పోలేదు. పోటీకి ముందు ఏ పిల్లయినా పావుకిలో ఎక్కువ తూగితే, స్వెట్టరు తొడిగించి, అద్దాలెత్తేసి, ఎండలో నాలో కూర్చోబెట్టేది పైడమ్మ. తనూ పక్కనే కూర్చునేది. పిల్లకు చెమట పట్టేలోగా ఆమెకు వరదలు కట్టేవి. "నువ్వు తగ్గాల్సింది పావుకిలో, నాను తగ్గింది కిలో. ఈ లెక్కన మెడల్ నాకే ఇవ్వాల" అనేది.

నాలో కూర్చుని వెళ్ళిన పిల్లల్లో ఒకతె పోలీసు కానిస్టేబులయింది. ఒకతె రైల్లో టిక్కెట్లు అడుగుతోంది. ఇద్దరు వేరే బడుల్లో డ్రిల్లు టీచర్లయ్యారు. ఊళ్ళో ఎవరైనా "ఆడపిల్లలకు ఈ ఇనుమెత్తుడేటి?" అంటే పైడమ్మ వాదించేది కాదు. నా తలుపు తెరిచి, "రా బావూ, కూకో, పోలీసు టేసన్ కాడ మా రవణమ్మ డూటీలో ఉన్నాది, ఆవిడ్నడుగు" అనేది.

కానీ వయసు మనుషుల సొత్తు మాత్రమే కాదు. పదిహేడో ఏట నాకు పొగ మొదలైంది. పద్దెనిమిదో ఏట కుడివైపు తలుపు తనంతట తాను తెరుచుకోవడం నేర్చుకుంది. మెకానిక్కు గవరయ్య ప్రతిసారీ నా కిందనుంచి బయటికి వచ్చి తల అడ్డంగా ఊపేవాడు. "టీచరుగోరూ, ఇంక దీన్ని పెట్టుకోకండి" అనేవాడు. ఆమె నా కప్పు మీద అరచేత్తో చరిచి, "దీనికేటిరా, నాకన్నా గట్టిది" అనేది. ఆ చరుపుకి నా లోపల ఎక్కడో తుప్పు జలజల రాలేది. అది నాకు తెలుసు, గవరయ్యకు తెలుసు. ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలని లేదు, అంతే.

నా ఇరవయ్యో ఏట దమయంతి వచ్చింది.

లెంక దమయంతి బూరాడపేట పిల్ల, పదిహేడేళ్ళు. మాట తక్కువ. రాడ్డు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆవును పట్టుకోబోయేదానిలా మెల్లగా వెళ్ళేది, ఎత్తేటప్పుడు మాత్రం మెరుపు. పైడమ్మ తన పద్నాలుగేళ్ళలో అలాంటి పిల్లను చూడలేదు. "ఈ గుంట రాష్ట్రానికి మొదట వొస్తాది. సూడు" అని ఒకరోజు నాతోనే అంది, స్టీరింగు మీద గడ్డం ఆనించి. దమయంతి తండ్రి సన్యాసినాయుడు లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఉన్న పది రోజులూ కూతురు ఎత్తడం చూడడానికి వచ్చి, దూరంగా నిలబడి వెళ్ళిపోయేవాడు.

రాష్ట్ర పోటీలు ఇంక నలభై రోజులు ఉన్నాయనగా ఆ సంగతి జరిగింది.

సాయంత్రం నాలుగింటికి రేగులవలస నుంచి బూరాడపేట వెళ్తున్నాం. ముందు సీట్లో దమయంతి, వెనక నలుగురు పిల్లలు, మధ్యలో రాడ్డు. దిగువలో రైలుగేటు వేసి ఉంది. పైడమ్మ బ్రేకు తొక్కింది. పెడలు మెత్తగా నేలకు దిగిపోయింది. మళ్ళీ తొక్కింది. నేను ఆగలేదు. నా బతుకులో ఆమె మాట వినకపోవడం అదే మొదలు. ఎదురుగా గేటు, దాని వెనక రైలు కూత. ఆమె గేరు దించింది, చేతిబ్రేకు లాగింది, అయినా వేగం చాలినంత తగ్గలేదు. ఆఖరి క్షణాన స్టీరింగును ఎడమకు తిప్పి, రోడ్డు పక్కన పేర్చి ఉన్న గోగుకట్టెల కుప్పలోకి నన్ను దూర్చేసింది.

కుప్ప విరిగి మా మీద పడింది. రైలు వెళ్ళిపోయింది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు దగ్గుతూ, ఏడుస్తూ, ఆ తరువాత నవ్వుతూ దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ దమయంతి దిగలేదు. కళ్ళు పెద్దవి చేసి పక్కకు చూస్తోంది. వెనకనున్న రాడ్డు తాళ్ళు తెంపుకుని ముందుకు దూసుకువచ్చి, ఆమె భుజానికి బెత్తెడు దూరంలో, నా డాష్‌బోర్డును చీల్చుకుని నిలబడింది.

కబురందుకుని సన్యాసినాయుడు మోటారుసైకిలు మీద వచ్చాడు. ముందు కూతురి తల నుంచి కాలిదాకా తడిమి చూశాడు. తరువాత సెల్లు లైటు వెలిగించుకుని, వీపు నేలకానించి నా కిందకు దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక వీపు దులుపుకున్నాడు.

"టీచరమ్మా, దీని కిందకెప్పుడైనా దూరి సూసినారా?"

"ఏటున్నాది కింద?"

"ఏటీ నేదు. అదే సెప్తన్నాను. బ్రేకు గొట్టం తుప్పట్టి కారిపోనాది, అది మార్సొచ్చు. అడుగు రేకు అట్టముక్కయిపోనాది, దాన్నేటి సేస్తారు? అతుకు మీద అతుకు, దాని మీద రంగు. ఇరవై మూడేళ్ళు లారీ తోలినోడ్ని. ఈ బండిలో మా పిల్ల మరెక్కదు."

"పద్నాలుగేళ్ళు నాయుడూ" అంది పైడమ్మ. "ఒక్క పిల్లకి గోరంత గీత పడనీనేదు ఈ బండి."

"ఆ పద్నాలుగేళ్ళూ మంచిదేనమ్మా. కాదన్నానా? నాను రేపటి మాట సెప్తన్నాను."

కూతుర్ని మోటారుసైకిలు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. దమయంతి వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నన్నో, టీచరునో, రాడ్డునో నాకు తెలియదు.

తొమ్మిది రోజులు నేను గవరయ్య షెడ్డులో జాకీ మీద వేలాడాను. పైడమ్మ ఆటోలో రాడ్డు పెట్టి తీసుకువెళ్ళబోయింది. అది ఆటోకి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు బయటికి పొడుచుకువచ్చి, ఒక కొస అరటిపళ్ళ బండిని గుద్దింది. దానితో బూరాడపేటలో అభ్యాసం ఆగిపోయింది. దమయంతి ఇంట్లో బియ్యం బస్తాలు ఎత్తుతోందని పిల్లలు చెప్పుకున్నారు. పైడమ్మ రోజూ వచ్చి గవరయ్య మీద కేకలేసేది. నాయుడి మీద కూడా వేసేది, ఆయన లేకపోయినా. "బండిని పట్టుకుని అంతమాటంటాడేటి?" అని.

తొమ్మిదో రోజు వచ్చినప్పుడు కేకలు లేవు. కాసేపు నా చుట్టూ తిరిగింది. "ఒరే గవరయ్యా, ఆ అట్ట ఇలగెయ్యి" అంది. చీర దోపుకుని, అట్ట మీద పడుకుని, మెల్లగా నా కిందకు జరిగింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె నన్ను కిందనుంచి చూస్తోంది. సిగ్గేసింది నాకు. ఆమె చెయ్యెత్తి, ముందు సీట్లో దమయంతి పాదాలు పెట్టుకునే చోటు ఎక్కడో చూసుకుని, అక్కడ వేలితో నొక్కింది. వేలు రేకులోంచి, చాపలోంచి లోపలికి వచ్చేసింది.

ఆ వేలు అలాగే కాసేపు కదలకుండా ఉండిపోయింది.

ఆమె బయటికి వచ్చింది. చేతులు కడుక్కుంది. ముఖం కడుక్కుంది. అది చాలాసేపు కడుక్కుంది. తరువాత గవరయ్య సైకిలు తీసుకుని బూరాడపేట వెళ్ళింది.

అక్కడ ఏం జరిగిందో దమయంతి తరువాత మిగతా పిల్లలకు చెబుతుంటే విన్నాను. నాయుడు తగువుకు సిద్ధమై, తుండుగుడ్డ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడట. పైడమ్మ సైకిలు దిగకుండానే అందట:

"నువ్వన్నది నిజం నాయుడూ. నానే సూడనేదు. పిల్లలు నీయొక్కడివే కాదు, నాయి కూడా. బండి మార్సీడమే. నాకు రాడ్డు కొలవడం తెలుసు గానీ బండిని కొలవడం తెలీదు. నువ్వొచ్చి సూసి పెడతావేటి?"

దాచిపెట్టుకున్న కోపం ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియక నాయుడు తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడట. "రేపు రాయగడ లోడున్నాది. ఎల్లుండెల్దుమమ్మా" అన్నాడట.

గవరయ్య నాకు కొత్త బ్రేకు గొట్టం వేసి, అడుగున ఒక చెక్క బిగించి, "పోయి వొచ్చే మటుకే" అని హెచ్చరించి పంపాడు. నాయుడు నడిపాడు. పైడమ్మ పక్కన, దమయంతీ ఇంకో పిల్లా వెనక, మధ్యలో రాడ్డు. నన్ను వదిలించుకోవడానికి కారు చూడబోతూ నాలోనే వెళ్ళడం మనుషులకే తోచే ఏర్పాటు. ఎడ్లు ముసలివైతే ఆ ఎడ్లబండి మీదనే సంతకు వెళ్తారు కదా.

విశాఖపట్నంలో పాత కార్లమ్మే చోట మెడకు టై కట్టుకున్న ఒక యువకుడు ఎదురొచ్చాడు. "సింగిల్ ఓనర్ మేడం, డాక్టరుగారి బండి" అని మొదలుపెట్టాడు. పాత కార్లు అమ్మేచోట ప్రతి బండీ డాక్టరుగారిదే. ఆ లెక్కన విశాఖపట్నంలో రోగులు లేరనుకోవాలి.

"డాక్టరు సంగతి తరవాత. తలుపు తియ్యి బాబూ" అంది పైడమ్మ. దమయంతీ రెండో పిల్లా నా వెనకనుంచి రాడ్డును అగరువత్తి లాగినట్టు లాగి, కొత్త కారులోకి తోశారు. సగమే పట్టింది. ఇంకోదానిలో పట్టింది కానీ డ్రైవరు చంకలోంచి పోయింది. మూడోదానిలో రాడ్డు పడుతుంది, మనుషులు పట్టరు. టై కుర్రవాడు ఒకసారి సాయం చేయబోయి బిళ్ళ ఒకటి ఎత్తి, ఎత్తినంత వేగంగా దించేసి, తరువాత దూరంగా నిలబడ్డాడు. పక్క షాపులవాళ్ళు కూడా వచ్చి చుట్టూ మూగారు. నాలుగు గంటల్లో పదకొండు కార్లు.

పన్నెండోది ఎర్రగా మెరిసిపోతోంది. రాడ్డు పట్టింది. తలుపు పడింది. పిల్లలు కూర్చున్నారు. పైడమ్మ చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా వెనక నిలబడ్డ నాయుడు వచ్చి, సీటుబెల్టు పట్టుకుని, మొత్తం బయటికి లాగాడు. చివరి మూరెడు బట్ట మీద ఎండిన బురద చార కనిపించింది.

"ఇది నీల్లలో మునిగిన బండి టీచరమ్మా. పైనంతా కడిగినారు. బెల్టు సివర కడగడం మర్సిపోనారు."

టై కుర్రవాడు ఫోను వచ్చినట్టు నటిస్తూ లోపలికి వెళ్ళాడు. పైడమ్మ ఆ బెల్టు వంక, తరువాత నాయుడి వంక చూసింది. ఆ చూపులో ఉన్న గౌరవం అంతకుముందు నేను బరువులెత్తే పిల్లల మీద తప్ప ఇంకెవరి మీదా చూడలేదు.

రెండు వీధుల అవతల దొరికింది అసలుది. బూడిదరంగు, ఏడేళ్ళది, ఏడుగురు కూర్చునేది. ఎడమ తలుపు మీద పెద్ద గీత. "గీతుంటే మంచిదే. దాచనేదని గుర్తు" అన్నాడు నాయుడు. బెల్టులు లాగాడు, కింద దూరాడు, బిళ్ళలన్నీ ఎక్కించి స్ప్రింగులు ఎంత కుంగాయో జానతో కొలిచాడు. రాడ్డు సీట్ల మధ్యగా జారి, రెండు వేళ్ళ సందు మిగిల్చి, బుద్ధిగా పడుకుంది. బ్రేకును నాయుడు పదిసార్లు తొక్కి చూశాడు, ఆ తరువాత పైడమ్మ చేత పదిసార్లు తొక్కించాడు.

నాకు అసూయ కలగలేదంటే అబద్ధం. కానీ దమయంతి ఆ బండి ముందు సీట్లో కూర్చుని పాదాలతో నేలను తన్ని చూసుకుంటుంటే, ఖణేలుమని గట్టి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు విన్నాక నా అసూయ చల్లబడింది.

అమ్మినవాడు నన్ను చూసి, "పాత బండి మార్పిడికి ఇస్తారా?" అని మొదలెట్టి, దగ్గరకు వచ్చి చూసి, "లేదులెండి, తీసుకెళ్ళిపోండి" అన్నాడు.

తిరుగు దారిలో పైడమ్మ కొత్త బండిలో ముందు, నాయుడు నన్ను నడుపుతూ వెనక. ఆనందపురం దాటాక ఆమె బండి పక్కకు ఆపి, దిగి, నా దగ్గరకు నడిచి వచ్చింది.

"నాయుడూ, నువ్వు దాన్ని తీసుకెల్లు. నాను దీన్లో వొస్తాను."

నాయుడు వద్దనబోయి, ఆమె ముఖం చూసి, తాళాలు ఇచ్చేశాడు. "మెల్లగా రండి. నాను ఎనకాలే ఉంటాను" అన్నాడు.

ఆ చివరి పాతిక మైళ్ళూ ఆమె నాతో ఒక్క మాటా అనలేదు. పద్నాలుగేళ్ళుగా పిల్లల గురించి, హెడ్మాస్టరు గురించి, ఎండ గురించి నాతో వాగుతూనే ఉన్న మనిషి. రోడ్డు పొడుగునా వేళ్ళతో స్టీరింగును నిమురుతూ కూర్చుంది. ఇల్లు చేరాక ఇంజను ఆపి, "బాగా సేసినావు" అంది. పోటీ ముగించి వచ్చిన పిల్లలతో అనే మాట అది. గెలిచినా ఓడినా అదే మాట అనేది.

మిగిలిన ఇరవై ఎనిమిది రోజులూ బూడిదరంగు బండి ఊళ్ళమ్మట తిరిగింది. నాయుడు రెండు లోడ్లు వదులుకుని, పిల్లలను ఏలూరులో జరిగే రాష్ట్ర పోటీలకు తానే తోలుకువెళ్ళాడు.

ఆ పోటీ నేను చూడలేదు. నేను పైడమ్మ ఇంటి వెనక షెడ్డులో ఉన్నాను. అయితే పిల్లలు నా బానెట్టు మీద కూర్చుని ఆ కథ మూడుసార్లు చెప్పుకున్నారు కనుక చూసినదానికన్నా ఎక్కువే తెలుసు. మొదటిసారి చెప్పినప్పుడు హాల్లో అయిదొందలమంది జనం. మూడోసారికి అయిదువేలమంది. మారనిది రాడ్డు మీద బరువొక్కటే. నూట నాలుగు కిలోలు.

మొదటి రెండుసార్లు దమయంతి దాన్ని భుజాలదాకా తెచ్చి వదిలేసింది. మూడోది ఆఖరి అవకాశం. ఎత్తితే రాష్ట్రానికి మొదటి స్థానం, పాత రికార్డు పోతుంది. ఎత్తలేకపోతే ఏ స్థానమూ లేదు. నాయుడు చూడలేక బయటికి వెళ్ళి బండిలో కూర్చున్నాడట. హైవే మీద రెండు లారీలు ఢీకొట్టుకుంటుంటే మధ్యనుంచి లారీ తప్పించిన మనిషి. లోపలినుంచి ధన్‌మని రాడ్డు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. అయిపోయిందనుకున్నాడు. కూతుర్ని ఓదార్చాలని కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళేసరికి జనమంతా లేచి నిలబడి ఉన్నారు. ఎత్తినవాళ్ళు కూడా రాడ్డును కింద పడేస్తారన్న సంగతి ఆయనకు ఆ గాభరాలో గుర్తు రాలేదు. పైడమ్మ అరుస్తూ వచ్చి, "ఎత్తీసింది నాయుడూ! జడ్జీల మూడు దీపాలూ తెల్లగా ఎలిగినాయి! ఎక్కడ సచ్చినావు?" అని వీపు మీద చరిచింది. ఆ చరుపు ఎలాంటిదో నాకు తెలుసు. నాయుడికి తుప్పు లేదు కనుక సరిపోయింది.

ఆ తరువాతి ఆదివారం ఊళ్ళో సన్మానం. తప్పెట్లు, పూలదండలు, సర్పంచి ఉపన్యాసం. కానిస్టేబులు రవణమ్మ, టిక్కెట్లు అడిగే పిల్ల, పాత శిష్యురాళ్ళు మొత్తం ఆరుగురు వచ్చారు. అదే రోజు నన్ను తీసుకువెళ్ళడానికి విజయనగరం నుంచి పాతసామాన్ల ఖాదరు లారీతో వచ్చాడు. నా కాగితాలకు గడువు తీరింది, షెడ్డు కొత్త బండికి కావాలి. పైడమ్మే కబురు చేసింది, ఎవరూ చెప్పకుండానే.

చిక్కేమిటంటే వానలకు షెడ్డులోకి నీళ్ళు చేరి నా చక్రాలు బురదలో సగందాకా దిగిపోయాయి. సందు మొదట్లో పంచాయతీవాళ్ళు కాలవ తవ్వి ఉంచారు. లారీ లోపలికి రాదు, నేను బయటికి పోలేను. ఖాదరు నా చుట్టూ తిరిగి, "ఫరవాలేదమ్మా, ఇక్కడే గ్యాసు పెట్టి నాలుగు ముక్కలు కోసేస్తాం, మోసుకుపోతాం" అన్నాడు.

సన్మానానికి వచ్చినవాళ్ళంతా షెడ్డు చుట్టూ మూగారు. పైడమ్మ నన్ను చూసింది, కాలవను చూసింది, తరువాత తన పిల్లలను చూసింది. ఇప్పటివాళ్ళు ఎనిమిదిమంది, పాతవాళ్ళు ఆరుగురు. పట్టుచీర కొంగు బిగించింది.

"ముక్కలెందుకు? ఒలే రవణమ్మా, సెప్పులిప్పు. అందరూ రండి. అటయిదుగురు, ఇటయిదుగురు, ముందిద్దరు, ఎనకిద్దరు."

నాయుడు చొక్కా చేతులు మడుస్తూ ముందుకు వచ్చాడు.

"నువ్వు తప్పుకో నాయుడూ. ఇది మా పని" అంది పైడమ్మ.

పద్నాలుగు జతల చేతులు నా అంచుల కిందకు వచ్చాయి. ఒక చేతికి కొత్త మెడల్ తాడు చుట్టి ఉంది. ఒక చేతికి ఖాకీ. తెల్లపొడి ఎవరు తెచ్చారో, అందరి అరచేతులకూ ఉంది.

"నడుం వొంచకండి. తొడల బలం. సూపు ఎదరికి. ఊపిరి బిగపట్టండి…" పైడమ్మ గొంతు ఊరంతా వినిపించింది. "లేప్!"

నేను లేచాను.

బురద చప్పరించి వదిలింది. నా నాలుగు చక్రాలూ ఒకేసారి గాలిలోకి లేచాయి. ఇరవై ఏళ్ళు నేల మీద తిరిగినదాన్ని, మనుషుల చేతుల మీదినుంచి నేలను చూడడం అదే మొదలు. వాళ్ళు దించలేదు. అడుగులో అడుగు వేస్తూ, "హై… హై…" అంటూ సందంతా నడిచారు. కాలవ దగ్గర ఒక్కసారి దించి, దాని మీద పలకలు పరిచి, మళ్ళీ ఎత్తి ఆ పలకల మీదుగా దాటించారు. తప్పెట్లవాళ్ళు వాయించడం మరిచిపోయి చూస్తుంటే సర్పంచి వాళ్ళను కేకలేశాడు. వాయింపు మొదలైంది. లారీ తలుపు దించిన చోట మూడోసారి ఎత్తి, నన్ను పందిట్లో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినంత మెత్తగా లోపల కూర్చోబెట్టారు. అప్పుడు పెద్దగా ఊపిరి వదిలారు, పద్నాలుగుమందీ ఒకేసారి. ఊరు ఊరంతా అరిచింది.

లారీ బయలుదేరింది. వెనకే బూడిదరంగు బండి కూడా బయలుదేరింది, పట్టినంతమందితో. ఎందుకని ఖాదరు అడిగితే దమయంతి అంది: "ఎంతెత్తినామో తెలియొద్దేటి?"

ఖాదరు కొట్టు పక్కనే పెద్ద కాటా ఉంది. లారీతో ఒకసారి తూచి, నన్ను దించాక ఖాళీ లారీని మళ్ళీ తూచి, తేడా తీసి చెప్పాడు: వెయ్యిన్నీ నూట ఇరవై కిలోలు. దమయంతి నోట్లో ఏదో లెక్కవేసుకుంది.

"తలకి ఎనభై" అంది. తరువాత టీచరు వంక తిరిగి, కాస్త నిరాశగా, "ఎనభయ్యేనా?" అంది.

పైడమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కాటా గుంజకు చేరబడి, కడుపు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. నాయుడు నవ్వాడు, ఖాదరు కూడా నవ్వాడు. వెళ్ళేముందు ఆమె నా కప్పు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. ఏదో జలజల రాలింది. ఈసారి ఆమె విన్నది. విని, ఆ చెయ్యి అక్కడే ఒక నిమిషం ఉంచి, వెళ్ళి కొత్త బండి ఎక్కింది.

ఇప్పుడు నేను ఖాదరు కొట్టు ఆవరణలో ఒక వరికోత యంత్రానికీ, రెండు ఫ్రిజ్జులకూ మధ్య ఉన్నాను. గ్యాసు మంటవాడు గురువారం వస్తాడట. రానీ. మనుషులు పోయేరోజున నలుగురు మోస్తే చాలనుకుంటారు, ఆ నలుగురి కోసం బతుకంతా మంచి పేరు తెచ్చుకుంటారు. నన్ను పద్నాలుగుమంది మోశారు. అందులో ఒకతె రాష్ట్రానికే మొదటిది. ఆ పిల్లకు నా బరువు చాలలేదు.